ఒక ముఖానికి ఎనిమిది రాళ్లు: పాత బేస్‌బాల్ కార్డుల రంగుల అచ్చు

హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న ఒక చిన్న అట్టముక్క 2022లో 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. సుమారు 1909లో, మెత్తటి కాగితపు సిగరెట్ పెట్టె నలిగిపోకుండా లోపల దోపి, కొన్నవారికి ఊరికే ఇచ్చిన ముక్క అది. వెడల్పు అంగుళంన్నరకు కాస్త తక్కువ, పొడవు రెండున్నర అంగుళాలకు కాస్త ఎక్కువ. నారింజరంగు నేపథ్యం, చొక్కా మీద పిట్స్‌బర్గ్ అన్న అక్షరాలు, పక్కకు చూస్తున్న గంభీరమైన ముఖం. దీన్ని మొదటిసారి చూసినవారు పాతకాలపు కలర్ ఫొటో అనుకుంటారు, లేదా నలుపు తెలుపు ఫొటోకు చేత్తో రంగు పూశారనుకుంటారు. ముద్రణ సంగతి కొంత తెలిసినవారైతే ఇప్పటి పత్రికల్లాగా నాలుగు రంగుల చుక్కలతో వేసి ఉంటారనుకుంటారు. మూడూ పొరపాటే. ఈ చిక్కు విడిపోవాలంటే ఆ కార్డు మీది రంగులను ఒక్కొక్కటిగా ఒలిచి, ఏ రంగు ఎలా వచ్చి కూర్చుందో చూడాలి.

ముందు రాయి సంగతి. లిథోగ్రఫీ అన్న మాటకు అర్థమే రాతి మీది రాత. శిలాముద్రణం అన్న మన పాత మాట దానికి చక్కగా అతుకుతుంది. బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటకకర్త తన నాటకాలను అచ్చువేయించుకునే స్తోమత లేక రాళ్ల మీద ప్రయోగాలు మొదలుపెట్టి, 1796-98 మధ్య ఈ పద్ధతిని పట్టుకున్నాడు. చాకలికి వేసే బట్టల పద్దును, దగ్గర కాగితం లేక, జిడ్డు సిరాతో రాతి మీద రాశాననీ, ఆలోచన అక్కడ మొదలైందనీ అతడే చెప్పుకున్నాడు. ఆ రాయి బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనులది. మన కడప, కర్నూలు ప్రాంతాల నాపరాయిలాగా అదీ పలకలుగా విడివడే సున్నపురాయే కానీ, దాని నలుసు మరీ సన్నం, ఒంటితీరు మరీ సమం. పక్షులకూ డైనోసార్లకూ నడుమ వారధిగా చెప్పే ఆర్కియాప్టెరిక్స్ శిలాజం ఈ గనుల్లోనే దొరికింది. దాని శాస్త్రీయ నామంలోని ‘లిథోగ్రాఫికా’ అన్న రెండో భాగం ఈ అచ్చురాయిని తలచుకుని పెట్టిందే.

రాతి మీద బొమ్మ చెక్కరు, ఉబ్బెత్తుగానూ మిగల్చరు. జిడ్డు సిరాతోనో జిడ్డు పెన్సిలుతోనో బొమ్మ గీస్తారు. ఆ జిడ్డు సున్నపురాతిలోకి ఇంకి పట్టుకుంటుంది. తరువాత తుమ్మబంకలో కొద్దిగా నత్రికామ్లం కలిపి రాయంతా పూస్తారు. దాంతో గీయని చోటు నీటిని పట్టుకునే గుణం, గీసిన చోటు జిడ్డును పట్టుకునే గుణం స్థిరపడతాయి. అచ్చువేసేటప్పుడు రాతిని తడిపి, సిరా రోలరు దొర్లిస్తారు. తడి ఉన్న చోట జిడ్డు సిరా అంటదు, గీత ఉన్న చోట నీరు నిలవదు. నూనె, నీళ్లు కలవవన్న వంటింటి సత్యం మీదే ఈ పరిశ్రమ అంతా నడిచింది. రాతి ఉపరితలం ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకే మట్టంలో ఉంటుంది. వేలితో తడిమితే ఎక్కడ బొమ్మ ఉందో తెలియదు. తరువాతి రోజుల్లో రాతికి బదులు జింకు, అల్యూమినియం పలకలు కూడా వచ్చాయి. సూత్రం మాత్రం మారలేదు. కనుక కింద రాయి అన్న చోటల్లా పలక అని కూడా చదువుకోవచ్చు.

ఒక రాయి ఒక రంగునే వేస్తుంది. రెండు రంగులు కావాలంటే రెండు రాళ్లు, పది రంగులు కావాలంటే పది. ఈ బహువర్ణ పద్ధతికి క్రోమోలిథోగ్రఫీ అన్న పేరుతో ఫ్రాన్స్‌లోని మ్యూల్‌హౌస్‌కు చెందిన గోడ్‌ఫ్రాయ్ ఎంగెల్‌మన్ 1837లో పేటెంటు పొందాడు. ఇది తెలుగువారికి దూరపు సంగతేమీ కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టించిన అచ్చుయంత్రాలు ఈ జాతివే, వాటిని నడిపినవారిలో జర్మన్ నిపుణులున్నారు. మన పూజగదుల్లో గోడకెక్కిన పాత లక్ష్మీ సరస్వతుల పటాలూ, అమెరికా పొగాకు కంపెనీలు పంచిన ఆటగాళ్ల కార్డులూ ఒకే కుటుంబానికి చెందినవి. పాత రవివర్మ పటం ఇంట్లో ఉన్నవారు భూతద్దంతో అమ్మవారి చెంప చూస్తే, ఈ వ్యాసంలో సగం అక్కడే కనిపిస్తుంది.

అయితే పాత బేస్‌బాల్ కార్డులన్నీ లిథోగ్రఫీ కావు, గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. న్యూయార్క్‌లోని గుడ్విన్ కంపెనీ 1880ల చివరలో ఓల్డ్ జడ్జ్ సిగరెట్లతో ఇచ్చిన కార్డులు అచ్చమైన ఫొటోలు. కాగితం మీద గోధుమ ఛాయలో ఫొటో తీసి, అట్టకు అతికించినవి. ఆ రోజుల కెమెరా పరుగెత్తే ఆటగాణ్ని పట్టుకోలేదు కాబట్టి, స్టూడియోలో బంతిని దారంతో వేలాడదీసి, పట్టబోతున్నట్టు నిలబెట్టి తీసేవారు. కొన్ని కార్డుల్లో ఆ దారం ఇప్పటికీ కనబడి నవ్వు తెప్పిస్తుంది. దాదాపు అదే సమయంలో, 1887లో, వర్జీనియా రాష్ట్రం రిచ్మండ్‌లోని అలెన్ అండ్ గింటర్ కంపెనీ ప్రపంచ విజేతల పేరిట 50 కార్డుల వరస విడుదల చేసింది. అందులో పదిమంది బేస్‌బాల్ ఆటగాళ్లు. మిగతావారు మల్లయోధులు, ముష్టియోధులు, గురికాళ్లు. ఇవి పూర్తిగా రంగుల శిలాముద్రణాలు, తెల్లటి ఖాళీలో తేలే మృదువైన ముఖాలు. రెండు కంపెనీలూ ఒకే సరుకు అమ్ముతూ, ఒకరు కెమెరాను, ఇంకొకరు చిత్రకారుణ్ని నమ్ముకున్నారు. రంగు విషయంలో కెమెరా ఆనాడు పోటీకి నిలవలేకపోయింది.

1890లో జేమ్స్ డ్యూక్ ఈ రెండింటితోపాటు మొత్తం ఐదు కంపెనీలను కలిపి అమెరికన్ టొబాకో కంపెనీ ఏర్పాటు చేశాడు. పోటీ పోయింది కాబట్టి కానుక కార్డుల అవసరమూ తగ్గింది. అచ్చు రంగంలోనూ ఇలాంటి కలయికే జరిగి, 1892లో న్యూయార్క్‌లో అమెరికన్ లిథోగ్రాఫిక్ కంపెనీ పుట్టింది. 1909 నుంచి 1911 వరకు ఈ ఇద్దరు దిగ్గజాల చేతి మీదుగా వచ్చిందే, సేకరణకర్తలు టి-206 అని పిలిచే తెల్ల అంచు కార్డుల వరస. ఆ సంఖ్య కంపెనీ పెట్టింది కాదు. తరువాతి కాలంలో జెఫర్సన్ బర్డిక్ అనే సేకరణకర్త తన కార్డుల జాబితాలో వేసిన గుర్తు. వరసలో 524 రకాల ముఖాలున్నాయని సంప్రదాయ లెక్క. వాగ్నర్ కార్డు ఈ వరసలోదే.

ఆ వాగ్నర్ ముఖానికి మూలం నలుపు తెలుపు ఫొటో, తీసినవాడు బోస్టన్‌లోని కార్ల్ హార్నర్. ఫొటో నుంచి కార్డు దాకా జరిగిన ప్రయాణంలో కెమెరా పాత్ర అక్కడితో ముగిసింది. ఫొటోను ఎదురుగా పెట్టుకుని కళాకారుడు ముందుగా బొమ్మ రూపురేఖలన్నీ ఒక రాతి మీద గీస్తాడు. రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, నీడ ఏ వంపు దగ్గర తిరగాలో అన్నీ అందులో ఉంటాయి. దీన్ని తాళపురాయి అనుకుందాం. దీని అచ్చులు కొన్ని తీసి, తడి ఆరకముందే వాటి మీద జిడ్డులేని ఎర్రటి పొడి చల్లి, ఒక్కొక్క దాన్ని ఒక్కొక్క కొత్త రాతి మీద బోర్లించి ఒత్తుతారు. ఆ పొడిగీత రాతి మీద సన్నగా కనిపిస్తుంది కానీ, జిడ్డు లేదు కాబట్టి అచ్చులోకి రాదు. ముగ్గుకు ముందు చుక్కలు పెట్టుకున్నట్టు, కళాకారుడికి దారి చూపి తప్పుకుంటుందంతే.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఈ కార్డులకు ఆరు నుంచి ఎనిమిది రంగుల దాకా వాడారని చెబుతారు: పసుపు, చర్మపు ఛాయ, గులాబి, ఎరుపు, లేత నీలం, ముదురు నీలం, గోధుమ, నలుపు వంటివి. ప్రతి రంగుకూ కళాకారుడు విడిగా ఒక బొమ్మ గీయాలి, అదీ నల్లటి జిడ్డు సిరాతోనే. పసుపు రాయి గీస్తున్నవాడి ముందు పసుపు ఉండదు. నల్లటి చుక్కలే ఉంటాయి. చెంప మీద పసుపు ఎంత పలచగా పడాలి, దాని మీద గులాబి పడితే ఏమవుతుంది, దవడ కింద నీలం చుక్కలు చల్లితే ఆ నీడ పచ్చబడుతుందా, చల్లబడుతుందా అన్న లెక్కంతా మనసులోనే సాగాలి. ఇప్పుడు కంప్యూటరు ఒక్క నొక్కుతో చేసే రంగుల విభజనను ఆనాడు కన్ను చేసింది. ఫొటోలో లేని రంగును ఊహించింది కూడా ఆ కన్నే: వాగ్నర్ వెనుక ఆ నారింజ హార్నర్ ఫొటోలో ఎక్కడుంది? దాన్ని ఎంచుకున్నది అచ్చుశాల. ఆ కళాకారుల పేర్లు కార్డుల మీద లేవు. ఈ కార్డుల గురించిన చర్చల్లో ఆటగాడి గణాంకాలకు దొరికే చోటులో పదోవంతు కూడా వారికి దొరక్కపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఇక చుక్కల సంగతి, ఎక్కువమంది తడబడే చోటు. శిలాముద్రణంలో ఒక రాయి సిరాను ఒకే చిక్కదనంతో వేస్తుంది. లేత, ముదురు అన్న తేడా తెలియదు. కనుక లేత ఛాయ కావాలంటే చుక్కలు చిన్నవిగా, దూరదూరంగా పెట్టాలి. ముదురు కావాలంటే దగ్గరగా. గరుకు రాతి మీద జిడ్డు పెన్సిలుతో రుద్దితే ఆ గరుకే సహజమైన చుక్కలుగా పడుతుంది. కార్డుల వంటి చిన్న పనికి మాత్రం, నున్నటి రాతి మీద సన్నటి పాళీతో ఒక్కొక్క చుక్కా చేత్తో పెట్టే పద్ధతి నప్పుతుంది. ఆ చుక్కలకు వరుస ఉండదు. వంపును బట్టి తిరుగుతాయి, ముక్కు పక్కన గుమిగూడతాయి, నుదుటి మీద చెదురుతాయి. వీటికి తోడు బెంజమిన్ డే 1879లో పేటెంటు పొందిన పలుచటి పొరలు కూడా అప్పటికి వాడుకలో ఉన్నాయి. పొర అడుగున ఉబ్బెత్తు చుక్కల అల్లిక ఉంటుంది. దానికి జిడ్డు సిరా పూసి, కావలసిన చోట రాతికేసి ఒత్తితే, వరుసతప్పని చుక్కల నేపథ్యం క్షణాల్లో పడుతుంది. ఆకాశానికీ మైదానానికీ అలాంటివి చాలు. ముఖానికి మనిషి చెయ్యే కావాలి.

ఇప్పటి ఫోర్ కలర్ అచ్చులోనూ చుక్కలే ఉంటాయి. తేడా ఏమంటే, అక్కడ ఫొటోను జల్లెడలాంటి తెరలోంచి వడకట్టి, నాలుగు రంగుల చుక్కలను నాలుగు కోణాల్లో పరుస్తారు. భూతద్దం కింద అవి చిన్న చిన్న పువ్వుల్లా కనిపిస్తాయి, ముఖంలోనైనా ఆకాశంలోనైనా అక్షరంలోనైనా అదే అల్లిక. పదిరెట్లు పెద్దగా చూపే అద్దం కింద పాత కార్డు పెడితే దృశ్యం వేరు. కింద చదునైన పసుపు, దాని మీద అక్కడక్కడ గులాబి చుక్కలు, వాటిలో కొన్ని గుండ్రం, కొన్ని తోకతో, కొన్ని పక్కదానితో కలిసిపోయి ఉంటాయి. పెదవి దగ్గర ఎరుపు అసలు చుక్కే కాదు, ఒక చిన్న మచ్చ. అది పెదవి గీత దాటి వెంట్రుకవాసి బయటికి వచ్చి ఉంటుంది. కింద ఆటగాడి పేరు ఒకే సిరాతో, చుక్కల్లేకుండా, అంచు తెగినట్టుగా నిలుస్తుంది. నకలు కార్డులను చాలావరకు పట్టిచ్చేది ఆ పేరే: అసలు కార్డును ఫొటో తీసి వేసిన నకలులో అక్షరాలు కూడా చుక్కలుగా చెదిరిపోతాయి.

ఇంత శ్రమపడి గీసిన బొమ్మ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదే. దాన్ని ఒక్కొక్కటిగా అచ్చువేస్తే సిగరెట్ కంపెనీ ఆకలి తీరదు. ఇందుకు బదిలీ కాగితం ఉంది. మూలరాయి నుంచి, తడిస్తే జారిపోయే జిగురు పూసిన పలుచటి కాగితం మీద జిడ్డు సిరాతో అచ్చులు తీస్తారు. వాటిని ఒక పెద్ద ఖాళీ రాతి మీద వరసలుగా పేర్చి ఒత్తి, కాగితాన్ని తడిపి తీసేస్తే, బొమ్మలన్నీ ఆ రాతికి అంటుకుపోతాయి. మూలరాతి మీద బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది. బదిలీ కాగితం మీద సరిగా, పెద్దరాతి మీద మళ్లీ తిరగబడి, చివరికి అట్ట మీద సరిగా వస్తుంది. పెన్సిలు గరుకు ఇన్ని బదిలీల్లో పూడిపోతుంది, పాళీ చుక్క నిలుస్తుంది. చిన్న అచ్చుపనుల్లో చేతిచుక్కల పద్ధతికి అంత పట్టు ఉండటానికి ఇదొక కారణం. పెద్దరాయి అరిగిపోతే మళ్లీ బదిలీ చేసుకోవచ్చు. మూలరాయి భద్రంగానే ఉంటుంది.

తరువాత యుద్ధమంతా కాగితంతోనే. ఒకే షీటు ఎనిమిది సార్లు యంత్రంలోకి వెళ్లాలి, ప్రతిసారీ ముందటి రంగు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. పొద్దున పసుపు వేసిన షీటు మరునాటి మధ్యాహ్నం ఎరుపుకు వచ్చేసరికి అదే కొలతలో ఉంటుందన్న హామీ లేదు. రంగులు సరిగా కుదిరాయో లేదో చూసుకోవడానికి షీటు అంచుల్లో కూడికగుర్తుల్లాంటి సన్నటి గీతలు పెట్టేవారు. అన్ని రంగుల గుర్తులూ ఒకదాని మీద ఒకటి పడితే కుదిరినట్టు. సాధారణంగా ఆ అంచును కోసి పారేస్తారు. కానీ వాగ్నర్, సై యంగ్‌తోపాటు మరో ముగ్గురి బొమ్మలు కోయకుండా పక్కపక్కనే మిగిలిన ఒక నమూనా పట్టీ బయటపడింది, దాని మీద ఆ గుర్తులు అలాగే ఉన్నాయి.

కుదరని కార్డులు కూడా పెట్టెల్లోకి వెళ్లిపోయాయి, మన అదృష్టం కొద్దీ. టోపీ నీలం టోపీలోంచి జారి చెవి మీద పడినవి, ఎరుపు రాయి తప్పిపోయి పెదవులు పాలిపోయినవి, కోత పక్కకు జరిగి ఒకే కార్డు మీద రెండు పేర్లు పడినవి ఉన్నాయి. సేకరణకర్తలు వీటిని అరుదైన వస్తువులుగా దాచుకుంటారు. నా దృష్టిలో వీటి విలువ వేరు: ఎరుపు లేని కార్డును మామూలు కార్డు పక్కన పెడితే, ఎరుపు రాయి ఒక్కటే ఎంత పని చేసిందో కళ్లకు కడుతుంది. పేర్లలోనూ తప్పులు దొర్లాయి. ఫిలడెల్ఫియా ఆటగాడు షెర్రీ మాగీ పేరును ముందు తప్పు వర్ణక్రమంతో వేసి, తరువాత దిద్దారు. తప్పుపేరు కార్డు చాలా కొద్దిగా మిగిలింది.

కార్డు వెనుకవైపు పనికి ఇంత తతంగం లేదు. పీడ్‌మాంట్ ప్రకటన నీలంలో, స్వీట్ కాపోరల్ ప్రకటన ఎరుపులో, ఒక్క రంగుతో ముగిసేది. అయితే ఒకే ముఖం వెనుక వేర్వేరు సిగరెట్ల పేర్లు, కొన్నింటి మీద 150 బొమ్మల వరస అనీ, కొన్నింటి మీద 350 బొమ్మల వరస అనీ ఉండటాన్ని బట్టి, ఏ ముఖం ఎప్పటిదాకా అచ్చులో ఉందో ఊహించే వీలు దొరికింది. ఒక పాత కథను ఇక్కడే పరీక్షించవచ్చు.

ఈ వరసలో వాగ్నర్ తరువాత అందరూ వెదికేది ఎడ్డీ ప్లాంక్ కార్డు. వాగ్నర్ అరుదు కావడానికి కారణం అతడే తన బొమ్మ వేయవద్దన్నాడని. పొగాకు అంటే పడక అన్నాడని కొందరు, డబ్బు ఇవ్వలేదని అన్నాడని కొందరు చెబుతారు. ప్లాంక్ విషయంలో మాత్రం అచ్చుపలక పగిలిపోయిందని ఒక కథ తరతరాలుగా తిరుగుతోంది. పద్ధతి తెలిసిన తరువాత ఈ కథ నిలబడదు. పగిలింది పెద్దరాయి అయితే, దాని మీద పక్కనే ఉన్న ఆటగాళ్లందరూ అంతే అరుదు కావాలి, కాలేదు. పైగా మూలరాయి ఉండగా పెద్దరాయిని మళ్లీ సిద్ధం చేసుకోవడం అచ్చుశాలకు రోజువారీ పని. పగిలింది మూలరాయే అనుకున్నా, ఆ ఒక్క ఆటగాడి రంగుల్లో ఒక రాయి మాత్రమే పోయినట్టు; తాళపురాయి నుంచి దాన్ని మళ్లీ గీయించుకోవచ్చు. అన్నిటికీ మించి ప్లాంక్ కార్డులు 150 వరస వెనుకతోనూ, 350 వరస వెనుకతోనూ దొరికాయి. అంటే ఒకసారి వేసి, కొంతకాలం తరువాత మళ్లీ వేశారు. పగిలిన రాయి ఆ పని చేయదు.

ఈ చేతి పనికి కాలం చెల్లే సూచన టి-206 కంటే ముందే వచ్చింది. సుమారు 1904లో న్యూజెర్సీలో ఐరా రూబెల్ అనే ముద్రకుడు గమనించిందేమంటే, యంత్రంలో కాగితం పెట్టడం మరచిపోయినప్పుడు సిరా రబ్బరు సిలిండరుకు అంటుకుని, తరువాతి కాగితం వెనుక పడుతోంది, అదీ రాతి నుంచి నేరుగా పడినదానికంటే స్పష్టంగా. ఆఫ్‌సెట్ అచ్చు అమెరికాలో అలా మొదలైంది. ఈనాటి మన శుభలేఖలూ పాఠ్యపుస్తకాలూ క్యాలెండర్లూ ఆ రబ్బరు మీదుగానే వస్తున్నాయి. ఆఫ్‌సెట్ అన్నది సిరా కాగితాన్ని చేరే దారిని మార్చింది. రంగులను విడదీసే పనిని చేతినుంచి లాక్కున్నది ఫొటో తెర. ఈ రెండింటినీ ఒకటిగా కలిపి, ఆఫ్‌సెట్ రాగానే చేతిచుక్కలు పోయాయని రాయడం తరచుగా కనిపించే పొరపాటు.

వీటిని చూడటానికి లక్షల డాలర్లు అక్కరలేదు. బర్డిక్ సేకరణ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 1887-1914 మధ్య నాటి సుమారు 2,100 బేస్‌బాల్ కార్డులను స్కాన్ చేసి అందరికీ తెరిచి ఉంచింది. టి-206 కార్డు ఏదైనా తీసుకుని, తెర నిండేదాకా పెద్దది చేసి, కింది పెదవి చివర చూడండి. గీత దాటిన ఎరుపు చాలాసార్లు అక్కడే ఉంటుంది.